డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: రక్తహీనత నుంచి రక్త కాన్సరు దాకా

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినని తెలుగువారు మన తరంలో దాదాపు ఉండరు. ఆయన ఏం కనిపెట్టారని అడిగితే మాత్రం ఒకరు టెట్రాసైక్లిన్ అంటారు, మరొకరు బోదకాలు మందు అంటారు, ఇంకొకరు నోబెల్ బహుమతి రాకుండా పోయిందని నొచ్చుకుని ఊరుకుంటారు. ఇవన్నీ ఎంతో కొంత నిజాలే. అయితే ఆయన జీవితంలో మొదటి నుంచి చివరి దాకా తెగకుండా సాగిన దారం ఒకటుంది. అది రక్తం. రక్తంలోని ఎర్రకణాలు ఎందుకు తగ్గిపోతాయి, తెల్లకణాలు ఎందుకు అదుపు తప్పి పెరుగుతాయి అన్న రెండు ప్రశ్నల మధ్యనే ఆయన ముఖ్యమైన పని అంతా జరిగింది. ఈ వ్యాసం ఆ దారాన్ని పట్టుకుని నడుస్తుంది. తక్కిన విషయాలు అవసరమైనంత మేరకే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగాలేక ముందుగానే ఉద్యోగం మానుకున్నారు. ఏడుగురు పిల్లల సంసారం. ముందుగా రిటైరైన ఉద్యోగి ఇంట్లో డబ్బుకు ఎంత కటకటగా ఉంటుందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఇక ఆ రోజుల్లో ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. పిల్లవాడికి చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడో ఏట ఇల్లు విడిచి కాశీకి పోయి, యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని బతకాలని బయలుదేరాడని, తల్లి వెంకమ్మ గారు వెనక్కి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. మెట్రిక్ మూడోసారి గానీ గట్టెక్కలేదు. అదీ మద్రాసులో హిందూ హైస్కూలు నుంచి. 1913లో తండ్రి పోయారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజుల్లో ఆయనకు రామకృష్ణ మఠం మీద మనసు పోయింది. సన్యాసం పుచ్చుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠంలోని పెద్దలు వైద్యం చదివి రోగులకు సేవ చేయమని దారి చూపారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో పెళ్ళయింది. భార్య శేషగిరి గారు. చదువు ఖర్చుకు మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు అండగా నిలిచారు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు గారు శస్త్రచికిత్స గదిలో కూడా ఖద్దరు గౌను వేసుకుని నిలబడ్డారు. అది తెల్లదొర ప్రొఫెసరుకు గిట్టలేదు. మిగతా పరీక్షలు బాగానే రాసినా, ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టి పంపారు. దాంతో ప్రభుత్వ వైద్యశాఖ ఉద్యోగం తలుపు మూసుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా చేరారు.

ఆ ఇంట్లో ఒక విపత్తు జరిగింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. జబ్బు పేరు స్ప్రూ. ఉష్ణమండల దేశాల్లో వచ్చే జబ్బు ఇది. పేగు లోపలి పొర తిన్నదాన్ని పీల్చుకోలేదు. తెల్లగా నురగలా విరేచనాలవుతాయి, నాలుక ఎర్రగా పుండు పడుతుంది, మనిషి కృశించిపోతాడు. చివరికి రక్తం పలచబడి, నిలబడే ఓపిక కూడా పోతుంది. సుబ్బారావు గారికి కూడా ఆ జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు. తోబుట్టువులను తీసుకుపోయిన జబ్బు ఏమిటో, దానికి మందేమిటో అప్పటికి ఏ పుస్తకంలోనూ లేదు. పాతికేళ్ళ తర్వాత ఆ మందు ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే రావడం ఈ జీవితంలోని పెద్ద విశేషం. కథకులు కల్పించి ఉంటే అతికించినట్టుంది అనేవాళ్ళం.

అమెరికా వెళ్ళడానికి డబ్బు రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి మామగారిది, రెండోది కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం. 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదివారు. మన దేశపు వైద్య పట్టాకు అక్కడ విలువ లేదు కనుక ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేసే వీలు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి పూట పోర్టరుగా కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తడం, శుభ్రం చేయడం ఆ పనిలో భాగం. భార్య గర్భవతిగా ఇండియాలో ఉండిపోయారు. కొడుకు పుట్టాడు, శైశవంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు.

హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద ఆయన చేసిన మొదటి పనే రక్తపరీక్షకు సంబంధించినది. రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడం అప్పట్లో పెద్ద తంటా. చాలా రక్తం కావాలి, చాలా గంటలు పట్టేది, ఫలితం మీద నమ్మకం తక్కువ. ఫిస్కే, సుబ్బారావు కలిసి ఒక పద్ధతి కనిపెట్టారు. రక్తంలోని మాంసకృత్తులను తొలగించి మిగిలిన ద్రవానికి మోలిబ్డేట్ అనే రసాయనం కలుపుతారు. అది ఫాస్ఫేట్‌తో జతకడుతుంది. తర్వాత మరొక రసాయనంతో దాన్ని క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. రంగును పోల్చి చూసి లెక్క కడతారు. 1925లో ఈ పద్ధతి అచ్చయింది. ఆ రెండు పేర్లతోనే ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడారు. జీవరసాయనం చదివిన వాళ్ళ రికార్డు పుస్తకాల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని కనిపించే పేరు ఇదే. రికెట్స్, మూత్రపిండాల జబ్బుల నిర్ధారణలో అది ఎంతో అక్కరకు వచ్చింది.

ఆ నీలం రంగు వాళ్ళను ఇంకా ముందుకు తీసుకుపోయింది. కండరంలోని ఫాస్ఫరస్‌ను కొలుస్తూ ఉంటే రంగు ఒక్కసారిగా రాకుండా నెమ్మదిగా పెరుగుతూ పోవడం కనిపించింది. అంటే ఏదో పదార్థం కరిగిపోతూ ఫాస్ఫేట్‌ను విడుదల చేస్తోందన్నమాట. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని కండరం నుంచి వేరుచేసినట్టు ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. మనం వేలు కదిలించినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే శక్తి ఈ పదార్థానిదే. 1930లో పిహెచ్.డి. వచ్చింది. శాశ్వతమైన ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు. ఆయనతో కలిసి పనిచేసి తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే ప్రచురించనీయలేదని, దాంతో ఆ పదార్థాలను ఏళ్ళ తర్వాత ఇతరులు మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందని చెప్పుకొచ్చారు. పై అధికారి సంతకం కోసం ఫైలు ఆగిపోవడం మన ఆఫీసులకే పరిమితం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక రక్తహీనత కథకు వద్దాం. ఆ రోజుల్లో పెర్నీషియస్ అనీమియా అనే జబ్బు ఉండేది. మధ్యవయసు దాటిన వారికి ఎక్కువగా వచ్చేది, వచ్చినవారు రెండు మూడేళ్ళలో చనిపోవడమే. ఇనుము ఇచ్చినా లాభం లేదు. సూక్ష్మదర్శిని కింద చూస్తే ఎర్రకణాలు సంఖ్యలో తక్కువ, పరిమాణంలో మామూలు కంటె పెద్దవి. ఎముక మూలుగలో కణం పెరుగుతుందే గానీ దాని కేంద్రకం పరిపక్వం కాదు, విభజన జరగదు. అందుకే పెద్దపెద్ద పచ్చి కణాలు మూలుగలోనే పేరుకుని చాలా భాగం అక్కడే నశిస్తాయి. తెల్లకణాల కేంద్రకాలు కూడా మామూలుకు మించి ఐదారు ముక్కలుగా కనిపిస్తాయి. మనం సి.బి.పి. చేయించుకున్నప్పుడు రిపోర్టులో ఎం.సి.వి. అని ఒక వరుస ఉంటుంది. అది ఎర్రకణం సగటు పరిమాణం. సాధారణంగా 80కీ 100కీ మధ్య ఉంటుంది. అది 100 దాటితే డాక్టరు గారు మొదట ఆలోచించే కారణాలలో ఈ కథలోని రెండు విటమిన్ల లోపం ఉంటుంది.

1926లో బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు వైద్యులు 45 మంది పెర్నీషియస్ అనీమియా రోగులకు రోజూ కాలేయం తినిపించి కోలుకునేట్టు చేశారు. అందులో మర్ఫీ పనిచేసింది సుబ్బారావు గారు రాత్రిళ్ళు పాత్రలు కడిగిన బ్రిగమ్ ఆస్పత్రిలోనే. ఆ ఇద్దరికీ, కుక్కల మీద ప్రయోగాలు చేసిన విపుల్‌కూ కలిపి 1934లో నోబెల్ ఇచ్చారు. అయితే రోజూ పావుకిలో దాకా కాలేయం తినడం ఎవరి తరం? అందుకని కాలేయం నుంచి సారం తీశారు. ఆ సారంలో పనిచేసే పదార్థం ఏమిటన్నది ఇంకా తేలలేదు. 1930లలో సుబ్బారావు గారు ఈ వేటలో దిగారు.

ఈ వేట ఇరవై ఏళ్ళు ఎందుకు పట్టిందో కొంచెం వివరించాలి. కాలేయ సారాన్ని రసాయనాలతో పది భాగాలుగా విడగొట్టారనుకోండి. ఏ భాగంలో మందు ఉందో తెలియాలంటే అప్పటికి ఒకే దారి ఉండేది. ఇంకా వైద్యం మొదలుకాని రోగి దొరకాలి. అతనికి ఆ భాగం ఇచ్చి, రోజూ రక్తం తీసి, అప్పుడే మూలుగ నుంచి బయటికి వచ్చిన లేత ఎర్రకణాలు, వీటిని రెటిక్యులోసైట్లు అంటారు, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. మందు పనిచేస్తే వారం లోపునే ఆ సంఖ్య ఒక్కసారిగా పైకి లేస్తుంది. పనిచేయకపోతే ఆ రోగికి వారం రోజుల విలువైన కాలం పోయినట్టే. ఒక భాగానికి ఒక రోగి. అలాంటి రోగులు ఏడాదికి ఎంతమంది దొరుకుతారు? రసాయన శాస్త్రం ఎంత చురుకైనా ఈ మెట్టు దగ్గర ఆగిపోయేది.

ఈలోగా మన దేశంలో మరో పని జరిగింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలకు వస్తున్న తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. కణాలు చూస్తే పెర్నీషియస్ అనీమియాలాగే పెద్దవి. ఆ స్త్రీల తిండిలోనే ఏదో లోపం ఉందని గ్రహించి, ఈస్టు సారం పెట్టి చూశారు. ఇంగ్లండులో రొట్టె మీద పూసుకునే చవకరకం మార్మైట్ అది. రక్తం కుదుటపడింది. 1931లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. బాగా శుద్ధి చేసిన కాలేయ సారం వీళ్ళకు పనిచేయదని, ముడి సారం పనిచేస్తుందని కూడా ఆమె తర్వాత గమనించారు. అంటే కాలేయంలో ఒకటి కాదు, రెండు మందులున్నాయన్నమాట. ఒకటి శుద్ధి చేస్తుంటే జారిపోతోంది. ఆ జారిపోయేది ఏమిటో తేలడానికి మరో పధ్నాలుగేళ్ళు పట్టింది.

1940లో సుబ్బారావు గారు హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు. త్వరలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ కావలసినన్ని పరికరాలు, మనుషులు ఉన్నారు. రోగులకు బదులు సూక్ష్మజీవులను వాడే ఉపాయం అప్పటికి వచ్చింది. లాక్టోబాసిల్లస్ కేసీ అనే సూక్ష్మజీవి, పెరుగు తోడుకు కారణమైన జీవుల చుట్టం, ఆ తెలియని పదార్థం ఉంటేనే పెరుగుతుంది. గాజు నాళికలో దాన్ని వేసి, కాలేయంలోని ఒక్కొక్క భాగాన్ని కలిపి, మర్నాటికి ఏ నాళిక మబ్బు పట్టిందో చూస్తే చాలు. రోగికి వారం పట్టే పరీక్ష రాత్రికి రాత్రి అయిపోతుంది. 1941లో టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఇలాంటి పదార్థాన్నే కొద్దిగా రాబట్టి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీదుగా ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. లెడర్లీలో స్టోక్‌స్టాడ్ కాలేయం నుంచి దాన్ని శుద్ధంగా వేరుచేశారు.

వేరుచేసిన తర్వాత దాని కట్టడం తెలుసుకోవాలి. ముక్కలు చేసి చూస్తే మూడు భాగాలు తేలాయి. ఒకటి సీతాకోకచిలుక రెక్కలకు రంగునిచ్చే పదార్థాల కుటుంబానికి చెందినది, రెండోది పారా అమినో బెంజోయిక్ ఆసిడ్, మూడోది గ్లుటామిక్ ఆసిడ్. రెక్క అని అర్థమిచ్చే గ్రీకు మాట నుంచే ఈ రకం మందుల పేర్లలో టెరిన్ అనే తోక వచ్చింది. ఆ మూడు భాగాలను మళ్ళీ అతికించి కృత్రిమంగా తయారుచేసినట్టు 1945 ఆగస్టులో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఆ వ్యాసం కింద పదహారు పేర్లున్నాయి. అందులో సుబ్బారావు పేరు ఏడోది. ప్రయోగశాల అధిపతి పేరు ముందు వరుసలోనో చివరనో ప్రత్యేకంగా పెట్టుకోవడం అప్పుడూ ఇప్పుడూ వాడుకే. ఆయన ఆ పని చేయలేదు. మందు మీద తన పేరు ఉండాలన్న పట్టుదల ఆయనకు ఎప్పుడూ లేదని ఆయనతో పనిచేసినవారు చెప్పుకున్నారు. ఈ గుణాన్ని మనవాళ్ళు పొగుడుతారు గానీ, దానివల్ల ఆయన వాటా ఎంతో లోకానికి సరిగా తెలియకపోయిందన్నది కూడా నిజమే.

మందు చేతికి రాగానే అమెరికాలో టామ్ స్పైస్ అనే వైద్యుడు అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హామ్‌లో రోగులకు ఇచ్చి చూశారు. రెటిక్యులోసైట్లు లేచాయి. 1946లో క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చారు. నాలుక పుండు మానింది, విరేచనాలు తగ్గాయి, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. తమ ఇంట్లో ఇద్దరిని బలిగొన్న జబ్బుకు లెడర్లీ సీసాలోని పసుపుపచ్చని పొడి పనిచేస్తోందన్న వార్త పెర్ల్ రివర్ చేరినప్పుడు ఆయన మనసులో ఏముందో ఎవరూ రాసిపెట్టలేదు.

అయితే ఆనందం పూర్తి కాలేదు. పెర్నీషియస్ అనీమియా రోగులకు ఫోలిక్ ఆసిడ్ ఇస్తే రక్తం బాగుపడింది గానీ, కొద్దికాలానికి కొందరి కాళ్ళు తిమ్మిరెక్కాయి, నడక తూలింది. నరాల జబ్బు ఆగలేదు సరికదా ముదిరింది. ఆ జబ్బుకు అసలు మందు కాలేయంలోని రెండో పదార్థం. అది 1948లో అమెరికాలో మెర్క్ కంపెనీ వారు, ఇంగ్లండులో గ్లాక్సో వారు వేర్వేరుగా పట్టుకున్న ఎర్రని స్ఫటికం, విటమిన్ బి 12. ఆ పరుగు పందెంలో లెడర్లీ వెనకబడింది. సుబ్బారావు గారు పదేళ్ళకు పైగా వెంటాడిన లేడి అది. ఇంకొకరి వలలో పడింది.

ఇక్కడ మన పాఠకులకు ఒక మాట చెప్పడం అవసరం. అరవై దాటిన వారిలో బి 12 లోపం సామాన్యం. శాకాహారుల్లో, చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడే షుగరు రోగుల్లో, ఎసిడిటీ మాత్రలు ఏళ్ళ తరబడి మింగేవారిలో మరీను. కాళ్ళ తిమ్మిర్లకు వయసేనని సరిపెట్టుకుని, నీరసానికి దుకాణంలో ఫోలిక్ ఆసిడ్ కొనుక్కుని మింగితే రక్తం రిపోర్టు బాగుపడి నరాల జబ్బు కప్పడిపోయే ప్రమాదం ఉంది. 1946లో తెలిసిన ఈ సంగతి ఈనాటికీ మారలేదు. బి 12 పరీక్ష చేయించుకున్న తర్వాతే ఆ మాత్ర.

ఇప్పుడు తెల్లకణాల వైపుకు వద్దాం. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు ఉండేవారు. లుకేమియా, అంటే రక్త కాన్సరు వచ్చిన పిల్లలు ఆయన దగ్గరికి శవపరీక్ష బల్ల మీదికే వచ్చేవారు. ఆ జబ్బులో మూలుగ నిండా పనికిరాని తెల్లకణాలు క్రిక్కిరిసిపోతాయి. ఎర్రకణాలకు చోటు ఉండదు కనుక పిల్లవాడు పాలిపోతాడు. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకు చోటు ఉండదు కనుక చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతుంది, ఒళ్ళంతా నల్లమచ్చలు లేస్తాయి. ఎక్కువమంది కొద్ది నెలల్లో రక్తస్రావం వల్లనో, చీము పట్టిన జ్వరం వల్లనో పోయేవారు. చేయగలిగింది రక్తం ఎక్కించడమొక్కటే.

లెడర్లీ నుంచి తెచ్చిన ఫోలిక్ ఆసిడ్ రకాలను ఫార్బర్ కొందరు పిల్లలకు ఇచ్చి చూశారు. ఫలితం ఎదురుతిరిగింది. మూలుగలో కాన్సరు కణాలు ఇంకా జోరుగా పెరిగినట్టు కనిపించింది. ఇది చాలా బాధాకరమైన ఘట్టం. మందు ఇచ్చిన వైద్యుని మాట అలా ఉంచి, ఆ తల్లిదండ్రుల గురించి ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. అయితే ఆ ఫలితం నుంచే ఒక ఆలోచన వచ్చింది. ఫోలిక్ ఆసిడ్ ఈ కణాలకు మేత అయితే, మేత లాగా కనిపించి కడుపు నింపనిది ఇస్తే? సుబ్బారావు గారి ప్రయోగశాలలో ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసే క్రమంలోనే దాని పోలికతో ఉండి, దాని పనికి అడ్డుపడే పదార్థాలు కూడా తయారవుతున్నాయి. ఫోలిక్ ఆసిడ్ అణువులో ఒక మూల ఉన్న ఒక గుంపును తీసి అమైనో గుంపు పెడితే వచ్చేది అమినోటెరిన్. తాళంచెవి లాంటిదే, తాళంలో దూరుతుంది, తిరగదు. అసలు చెవిని దూరనివ్వదు.

1947 చివరలో ఫార్బర్ ఈ అమినోటెరిన్‌ను పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ప్రచురించిన నివేదికలో 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని చూపారు. తెల్లకణాల సంఖ్య దిగింది, ప్లేట్‌లెట్లు పెరిగి రక్తం కారడం ఆగింది, మంచాన పడి ఉన్న పిల్లలు లేచి తిరిగారు. అది నిలవలేదు. కొన్ని నెలల్లో జబ్బు తిరగబెట్టింది, చాలామంది చనిపోయారు. నోటి పుండ్లు, రక్తస్రావం వంటి విషలక్షణాలు కూడా తీవ్రంగానే వచ్చాయి. అప్పటి వైద్యులలో పలువురు ఈ నివేదికను నమ్మలేదు. పసివాళ్ళను ప్రశాంతంగా పోనీయక ఈ హింస ఎందుకన్నవారూ ఉన్నారు. వారి మాటను తేలిగ్గా తీసిపారేయలేం. అయినా ఒక రసాయనంతో పిల్లల రక్త కాన్సరును వెనక్కి తగ్గించవచ్చని మొదటిసారి రుజువైంది అక్కడే.

అమినోటెరిన్‌కు తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ కూడా లెడర్లీ నుంచే వచ్చింది. కాస్త నెమ్మదైన మందు కనుక వాడుకలో అదే నిలిచింది. పిల్లల్లో సాధారణంగా వచ్చే రకం లుకేమియాకు ఈనాడు అనేక మందులు కలిపి రెండు మూడేళ్ళు వైద్యం చేస్తారు. ఆ మందుల్లో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది. మంచి వసతులున్న దేశాలలో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతికి బట్టకడుతున్నారు.

సుబ్బారావు గారి ప్రయోగశాల అదే సంవత్సరాలలో చేసిన ఇతర పనులు కూడా చిన్నవి కావు. 1947లో వచ్చిన హెట్రజాన్ బోదకాలు పురుగును చంపే మందు. గోదావరి జిల్లాలలో పుట్టినవాడికి ఆ జబ్బును పరిచయం చేయనక్కరలేదు కదా. డి.ఇ.సి. మాత్ర అని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి ఎదురుగా మింగించేది అదే. డెబ్బై ఏళ్ళు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డుగ్గర్‌ను చేరదీసి, మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి మందులు వెతకమని ప్రోత్సహించడం వల్ల 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో పెద్దది అదే. డుగ్గర్ ఒక విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన తర్వాత లెడర్లీలో చేరినవాడని మన సంఘ సభ్యులు ప్రత్యేకంగా గమనించాలి.

1948 ఆగస్టు 9న న్యూయార్క్‌లో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. ఫార్బర్ నివేదిక అచ్చయి అప్పటికి రెండు నెలలు. స్వతంత్ర భారతానికి ఏడాది నిండడానికి ఇంకా ఆరు రోజులుంది. అమెరికా వెళ్ళిన తర్వాత ఆయన ఒక్కసారి కూడా ఇండియాకు రాలేదు. 1946లో అక్కడి చట్టం మారి భారతీయులకు పౌరసత్వానికి అర్హత వచ్చినా ఆయన తీసుకోలేదు. ఇండియాలో శేషగిరి గారు పాతికేళ్ళకు పైగా ఎదురుచూశారు. ఆయన గొప్పతనం రాసేవారు సాధారణంగా ఈ వాక్యాన్ని తొందరగా దాటేస్తారు. ఆమె త్యాగం అని ఒక మాట అనేసి ముందుకు పోవడం సులువే. ఆ త్యాగం చేయమని ఆమెను ఎవరూ అడగలేదన్నదే నాకు గుర్తుకొచ్చే విషయం.

ఆయన మీద ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరం 1995లో మన తపాలా శాఖ బిళ్ళ విడుదల చేసింది. గర్భిణీలకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఎర్రని ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆసిడ్ ఉంటుంది. గర్భం ధరించే ముందు నుంచీ తగినంత ఫోలిక్ ఆసిడ్ వాడితే బిడ్డ వెన్నుపాము లోపాలలో చాలా భాగం నివారించవచ్చని 1991లో ఇంగ్లండులో వైద్య పరిశోధన మండలి నడిపిన పెద్ద పరిశీలన తేల్చింది.

మన సభ్యుల ఇళ్ళలోని మందుల పెట్టెల్లో ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిన రెండు మందులూ పక్కపక్కనే ఉండే సందర్భం ఒకటుంది. కీళ్ళవాతానికి, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మెథోట్రెక్సేట్‌ను చిన్న మోతాదులో ఇస్తారు. దాని చెరుపు తగ్గించడానికి వేరే రోజున ఫోలిక్ ఆసిడ్ ఇస్తారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మాత్ర. పొరపాటున రోజూ వేసుకుని, మూలుగ దెబ్బతిని, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు అనేక దేశాల్లో ఉన్నారు. చూపు సరిగా ఆననివారు, మాత్రలు ఇంకొకరి చేత తీయించుకునేవారు ఆ వారం పేరును చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టె మూతకు అంటించుకోవాలి. డాక్టరు గారు చెప్పిన ప్రకారం అప్పుడప్పుడు సి.బి.పి., లివరు పరీక్షలు మానకుండా చేయించుకోవాలి.